రాబర్ట్ బ్లూమ్

వందయేండ్లకు పైబడిన కాలము క్రిందట జర్మనీ 30కి మించిన సంస్థానములుగా చీలియుండెను. వానిని ప్రజాప్రతినిధుల సభ ద్వారా నేకము చేయవలెనని పాటుపడి, ఆ యత్నములోనే ప్రాణములు కోల్పోయినవాడు రాబర్ట్ బ్లూమ్.

ఈయన 1807 నవంబరు 10వ తేదీన కొలోను నగరమున నిరుపేద యింట జన్మించెను. బాల్యముననే తండ్రి గతించుటచే చదువు సాగలేదు. ఇత్తడిపని నేర్చి, దీపముల కర్మాగారమున కొంతకాలము పనిచేసి, పిమ్మట నాటకశాలలో సేవకుడయ్యెను. 1832లో లైప్జిగు నగరపు నాటకశాలలో గుమాస్తాగా, పైకము లెక్కచూచువానిగా కుదిరెను. ఆయన విద్య యంతయు స్వయముగా చదువుకొని సంపాదించినదే. కవి షిల్లరు స్మారకోత్సవములు జరిపించి, పత్రికలకు వ్రాసి, క్రమముగా పురజనుల యాదరమునకు పాత్రుడయ్యెను. 1845 ఆగస్టులో అచట సైనికులు జనముపై కాల్పులు జరుపగా పలువురు మరణించిరి. ప్రతీకారమునకు లేచిన వేలాది ప్రజలను బ్లూమ్ తన వాక్కుతో శాంతపరచి, చట్టమును విడువరాదని నచ్చజెప్పెను.

1848లో ఐరోపా యందంతట విప్లవములు చెలరేగెను. మే 18న ఫ్రాంక్‌ఫర్టు నగరమందలి సెయింట్ పాల్ దేవాలయమున జర్మను ప్రజాప్రతినిధుల సభ ప్రారంభమయ్యెను. ఆచార్యులు, న్యాయాధికారులు, ఉన్నతోద్యోగులు నిండిన ఆ సభలో కర్మాగారమున పనిచేసి వచ్చిన బ్లూమ్ ప్రజాపక్ష నాయకులలో నొకడయ్యెను. సభకు పాండిత్యము కొదువలేదు. సైన్యమును ఖజానాయును మాత్రము రాజుల చేతనే యుండెను. జమాఖర్చులు చూచిన వానికి ఈ లోపము కానరాక పోదు.

అక్టోబరులో వియన్నా ప్రజలు తిరుగబడగా, తన పక్షమువారి అభినందనపత్రము గొని బ్లూమ్ అచటికేగెను. పత్రము నొసగి మరలి రావచ్చును. రాలేదు. ముట్టడిలోనున్న నగరమును విడువక, ఒకనాడు జనులను శాంతింపజేసిన యాతడే ఆయుధము పట్టెను. నగరము లొంగిన పిమ్మట నవంబరు 4న ఆయనను నిర్బంధించిరి. సభ్యులను సభ యనుమతి లేక నిర్బంధింపరాదని ఫ్రాంక్‌ఫర్టు సభ సెప్టెంబరులోనే చట్టము చేసియుండెను. ఆ హక్కును బ్లూమ్ చాటినను సైనిక న్యాయస్థానము లెక్కచేయలేదు. 41 ఏండ్లు నిండుటకు ఒక్క దినము మిగిలియుండగా, నవంబరు 9 ప్రాతఃకాలమున భార్యకు కడపటి లేఖ వ్రాసి, తుపాకిగుండ్లకు గురియయ్యెను.

సభ నిరసన తీర్మానము చేసెను. వియన్నాలో దాని నాలకించిన వారు లేరు. 1849లో ఆ సభయే చక్రవర్తి కిరీటము నర్పింపబోగా ప్రష్యా రాజు నాల్గవ ఫ్రెడరిక్ విలియము తిరస్కరించెను. స్టుట్గార్టునకు తరలిన కొలదిమంది సభ్యులను జూన్ 18న సైనికులు చెదరగొట్టిరి. 1871లో ప్రష్యా మంత్రి బిస్మార్కు యుద్ధములచే జర్మనీ నేకము చేసెను.

తండ్రి మరణించునాటికి ఏడేండ్ల బాలుడైన హాన్సు, పెరిగి న్యాయవాదియై, బిస్మార్కునే మెచ్చుకొనెను. తండ్రి జీవితచరిత్రను 1878లో వ్రాసి ప్రకటించినవాడును ఆతడే.