నెల్లూరు డాక్టరు జెర్డాన్ – పక్షుల పేర్లు

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని సంఘం వారు అడిగినప్పుడు, మనలాగే సర్కారు కొలువు చేసి, మన నెల్లూరులోనూ పనిచేసి వెళ్లిన ఒక డాక్టరు గారు నాకు గుర్తుకు వచ్చారు. ఆయనే థామస్ కావర్‌హిల్ జెర్డాన్.

జెర్డాన్ 1811లో ఇంగ్లండులోని డర్హామ్ ప్రాంతంలో పుట్టారు. ఎడిన్‌బరోలో చదివి, ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంటు సర్జనుగా చేరి, 1836లో మద్రాసులో దిగారు. మొదట గంజాం, ఆ తర్వాత దక్కను. బదిలీల బాధ మనకు తెలియనిది కాదు గదా! 1844లో నెల్లూరు సివిల్ సర్జనుగా వచ్చారు.

వృత్తి వైద్యమే గాని ఆయన మనసు పక్షుల మీద. అప్పట్లో చేతిలో కెమెరాలు లేవు. పక్షిని తుపాకితో కొట్టి, పరిశీలించి, చిత్రకారుల చేత బొమ్మ గీయించడమే పద్ధతి. మన దేశపు చిత్రకారులు గీసిన 50 బొమ్మలతో ఆయన పుస్తకం మద్రాసులో 1847 నాటికి పూర్తయింది. అడవి సంగతులు తెలుసుకోవడానికి ఆయన ఆశ్రయించింది మన యానాదులను. దొర హోదాలో ఉండి కూడా వాళ్లను అడిగి నేర్చుకోవడమే ఆయనలోని గొప్పతనం అని నా అభిప్రాయం.

1848లో మన నెల్లూరు, కడప ప్రాంతాల నుంచి ఆయన లోకానికి తెలిపిన పక్షి కలివికోడి. ఇంగ్లీషులో దానికి ఆయన పేరే పెట్టారు. ఆ తర్వాత తలిచేరికి బదిలీ అయ్యారు. గవర్నరు జనరల్ కానింగ్ ప్రభువు ఆయనను ప్రత్యేక విధులపై నియమించగా, 1862–64లో 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' వెలువడింది. అందులో 1008 రకాల పక్షుల వివరాలున్నాయి. 1868లో రిటైరై, 1872 జూన్ 12న లండను శివార్లలో కన్నుమూశారు. పెన్షను నాలుగేళ్లు మాత్రమే అనుభవించారు.

కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో, లంకమల అడవి ప్రాంతంలో, ఒక పల్లె వేటగాడు రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. అది రాత్రిపూట తిరిగే పక్షి. పండితులు వెదికి వేసారిన దాని జాడ ఊరివాడికి తెలుసు!

జెర్డాన్ తన పుస్తకంలో గూడబాతుల సంగతి ఒకటి రాశారు. తూర్పు తీరపు మైదానంలో ఒక ఊరి నడుమ చెట్ల మీద అవి తరతరాలుగా గూళ్లు కట్టుకుంటున్నాయని, మనుషుల అలికిడికి బెదరడం లేదని దాని సారాంశం. ఆ ఊరి పేరు ఆయన చెప్పలేదు. అది చదివినప్పుడు నాకు నేలపట్టు చెరువే కళ్లముందు మెదిలింది. అక్కడ నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద నేటికీ గూడబాతులు పిల్లలు చేస్తాయి. వాటి రెట్టలు కలిసిన నీరు పైరుకు బలమని రైతులు వాటిని కాపాడుకుంటూ వచ్చారు. 1976లో ప్రభుత్వం దాన్ని సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. 2022లో ఆ ఊరు తిరుపతి జిల్లాలో కలిసినా, మాబోటి వాళ్లకు అది నెల్లూరు చెరువే.

పోయిన సంక్రాంతికి మా మనవడు అక్కడ కెమెరాతో ఫోటోలు తీసి, తాతయ్యా, ఇదేం పిట్ట అని అడిగాడు. ముప్పయ్యేళ్లకు పైగా ఫైళ్లు చూసిన నాకు తెలియలేదు. కట్ట మీద గొడ్లు కాస్తున్న ముసలాయన వరుసగా ఆరు పేర్లు చెప్పాడు. మనవడు అవన్నీ రాసుకున్నాడు. జెర్డాన్ గారు చేసిన పనీ అదే. ఆ పేర్లు తెలిసిన పెద్దలు మన ఊళ్లలో ఏటేటా తగ్గిపోతున్నారు. వారు ఉండగానే మన పిల్లల చేత అడిగించి రాయిద్దాం.