రోనాల్డు రాస్

మన యింటిపేర్లలో పెక్కు ఊరిపేర్లనుండి పుట్టినవి. ఆంగ్లభాష మాట్లాడువారిలోను అట్లే కలదు. రాస్ అను వంశనామము స్కాట్లండులోని ఒక ప్రాంతపు పేరు. అచ్చటి ప్రాచీనభాషలో ఆ మాటకు సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన నేల యని యర్థము. ఆ పేరుగల నావికుడు జేమ్సు క్లార్కు రాస్ 1831లో ఉత్తర అయస్కాంత ధ్రువమును చేరెను. హైదరాబాదువారికి ఆ పేరు పరిచితమైనది మాత్రము రోనాల్డు రాస్ వలననే.

ఆయన 1857లో అల్మోరాలో జన్మించెను. మనస్సు కవిత్వముపై నున్నను, తండ్రి మాట కాదనలేక వైద్యుడయ్యెను. మలేరియాకు దోమ కారణమని మాన్సన్ అను వైద్యుడు ఊహించెనేగాని నిదర్శనము దొరకలేదు. రాస్ 1895లో సికింద్రాబాదున శోధన మొదలిడెను. ఎన్ని దోమలను కోసి చూచినను ఫలము లేదు. శ్రద్ధలో లోపము లేదు. ఎంచుకొన్న దోమజాతియే వేఱు! గాలికి దోమలు చెదరునని పంకా ఆపించి, ఉక్కలోనే కూర్చుండెడివాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. హుసేన్‌ఖాన్ అను రోగి, దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని, కాటునకు ఒడలు అప్పగించెను. అతని రక్తము త్రాగిన మచ్చఱెక్కల దోమ కడుపులో, 1897 ఆగస్టు 20న, మలేరియా క్రిమి కానవచ్చెను.

1902లో నోబెల్ బహుమానము లభించెను. 1932లో రాస్ మరణించెను. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనము, తార్నాక చెంతనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము అధీనమునకు తరువాత వచ్చెను.