ఎలిజబెత్ సిడాల్

ఎలిజబెత్ ఎలియనార్ సిడాల్ (జూలై 25, 1829 - ఫిబ్రవరి 11, 1862) ఆంగ్ల చిత్రకారిణి, కవయిత్రి. ప్రీ-రాఫెలైట్ చిత్రకారులు ఊహించుకున్న ఆదర్శ స్త్రీ సౌందర్యానికి ఈమె ముఖమే ఆధారమైంది. ఆ చిత్రాలకు వచ్చిన ఖ్యాతి కారణంగా ఈమె స్వయంగా గీసిన చిత్రాలు చాలాకాలం మరుగునపడ్డాయి.

తొలి జీవితం

సిడాల్ లండన్‌లోని హాటన్ గార్డెన్‌లో జన్మించింది. తండ్రి కత్తులు, చాకుల వ్యాపారి. స్త్రీల టోపీల దుకాణంలో పనిచేసే రోజుల్లో వాల్టర్ డెవరెల్ అనే యువ చిత్రకారునితో పరిచయం ఏర్పడి, 1850లో అతని చిత్రంలో షేక్స్‌పియర్ నాటకపాత్ర వయోలాగా కనిపించింది. పొడవైన విగ్రహం, రాగిరంగు జుట్టు, బరువైన కనురెప్పలు గల ఈమె త్వరలోనే ఆ చిత్రకారుల బృందానికి ఇష్టమైన మోడల్ అయింది.

ఒఫీలియా

జాన్ ఎవరెట్ మిలే 1852లో ప్రదర్శించిన 'ఒఫీలియా' చిత్రంలో నీటిపై తేలుతున్న యువతి సిడాలే. ఇందుకోసం ఈమె చలికాలంలో నీళ్ళు నింపిన స్నానపు తొట్టెలో గంటల తరబడి పడుకోవలసి వచ్చింది. నీరు చల్లారకుండా తొట్టె కింద పెట్టిన దీపాలు ఒకరోజు ఆరిపోయాయి. పనిలో మునిగిన మిలే గమనించలేదు, ఈమె కూడా నోరు విప్పలేదు. తీవ్రంగా జబ్బుపడింది. తండ్రి 50 పౌండ్లు పరిహారం అడగగా, చివరకు మిలే వైద్యఖర్చులు భరించాడు. ఈ చిత్రం లండన్‌లోని టేట్ బ్రిటన్ సంగ్రహంలో ఉంది.

చిత్రకారిణిగా

తరువాత సిడాల్ డాంటే గాబ్రియెల్ రోసెట్టికి మాత్రమే మోడల్‌గా ఉంటూ అతని వద్దనే చిత్రకళ అభ్యసించింది. ఇంటిపేరు చివర ఉన్న రెండు 'ఎల్' అక్షరాలను ఒకటిగా కుదించినది కూడా రోసెట్టియే. అతడు ఈమెను లెక్కలేనన్ని సార్లు గీశాడు. ఒకే ముఖాన్ని పదేపదే చిత్రించే కళాకారుని గురించి అతని చెల్లెలు క్రిస్టినా 1856లో వ్రాసిన కవిత ఆమె మరణానంతరం, 1896లో గానీ వెలుగుచూడలేదు.

1853-54లో సిడాల్ తైలవర్ణాలలో తన ముఖాన్ని తానే చిత్రించుకుంది. రోసెట్టి చిత్రాలలోని మెత్తదనం, స్వప్నభావం ఇందులో కనిపించవు. అలసిన కళ్ళు, బిగిసిన పెదవులు గల మామూలు మనిషి కనిపిస్తుంది. ఈ రెంటినీ పక్కపక్కన చూస్తేనే రోసెట్టి ఎంత కల్పించాడో తెలుస్తుంది.

1855లో విమర్శకుడు జాన్ రస్కిన్ ఈమె చిత్రాలకు ప్రతిగా ఏటా 150 పౌండ్లు ఇవ్వడానికి అంగీకరించాడు. 1857లో లండన్‌లోని రస్సెల్ ప్లేస్‌లో జరిగిన ప్రీ-రాఫెలైట్ ప్రదర్శనలో పాల్గొన్న ఏకైక మహిళ సిడాలే.

వివాహం, మరణం

ఏళ్ళ తరబడి వాయిదాపడిన పెళ్ళి 1860 మే 23న హేస్టింగ్స్‌లో జరిగింది. అప్పటికే ఈమె ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. నల్లమందుతో చేసిన లాడనమ్ అనే మందుకు అలవాటు పడింది. 1861లో మృతశిశువు జన్మించింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో లాడనమ్ మోతాదు మించి మరణించింది. విచారణలో దీనిని ప్రమాదంగా నిర్ధారించారు. ఆత్మహత్య అన్న అనుమానం మాత్రం తొలగిపోలేదు.

రోసెట్టి తన కవితల వ్రాతప్రతిని శవపేటికలో ఉంచి హైగేట్ శ్మశానంలో ఖననం చేయించాడు. 1869లో అతని అనుమతితోనే సమాధిని తవ్వి ఆ ప్రతిని వెలికితీశారు. ఆ కవితలు 1870లో అచ్చయ్యాయి.

భార్య మరణానంతరం రోసెట్టి చిత్రించిన 'బియాటా బియాట్రిక్స్'లో సిడాల్ ఇటలీ కవి డాంటే ప్రేయసి బియాట్రిస్ రూపంలో, కళ్ళు మూసుకుని ఉంటుంది. ఎర్రని పావురం ఆమె చేతుల్లోకి తెల్లని గసగసాల పువ్వును తెస్తుంటుంది. నల్లమందు లభించేది ఆ మొక్క నుండే. ఈ చిత్రం 1889లో బ్రిటిష్ జాతికి కానుకగా అందింది.