తైలమును, రెండు దేనారములును
ఫ్లోరెన్సు నైటింగేలు జీవితము

ధ్యాన భాగములు: లూకా 10:30-37, రోమా 16:1-2



నంద్యాలనుండి ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోవువారికి కె.సి. కాలువ క్రొత్త కాదు. సుంకేసుల యానకట్టయొద్ద తుంగభద్రను విడిచిన ఆ నీరు కుందేటి లోయలోని పొలములను తడుపుచు కడపవరకు పోవుచున్నది. మన తాతలు ఆ నీటితో పైరు పెట్టిరి. మనమును ఆ అన్నమే తినుచున్నాము. మన దేశమునకు ఇట్టి కాలువలు కావలెనని లండను పట్టణములో ఒక గదిలో వ్యాధితో పండుకొని ఏండ్ల తరబడి ఉత్తరములు వ్రాసిన ఒక స్త్రీ కలదు. ఆమె ఈ దేశములో ఎన్నడును అడుగు పెట్టలేదు. అయినను మే నెల 12వ తేదీ వచ్చినప్పుడెల్ల మన యాసుపత్రులలో నర్సులు దీపములు వెలిగించి ఆమె పేరు తలంచుకొందురు. ఆమెయే ఫ్లోరెన్సు నైటింగేలు.

రాత్రివేళ దీపము పట్టుకొని రోగుల మంచములమధ్య నడిచిన దొరసానిగా మనము ఆమెను ఎరుగుదుము. అది నిజమే. కాని ఆమె యుద్ధకాలపు ఆసుపత్రులలో గడపినది రెండేండ్లకు లోపే. ఆ తరువాత నలువది యేండ్లు ఆమె చేసిన పనిని మనలో అనేకులు ఎరుగరు. ఆ పని యేమో తెలిసికొనినయెడల మన యిండ్లలోని నర్సులయెడల మన బాధ్యత యేమో మనకు తేటపడును.

ఫ్లోరెన్సు 1820 మే 12న ఇటలీ దేశములోని ఫ్లోరెన్సు నగరములో పుట్టెను. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టిరి. తలిదండ్రులు ఇంగ్లండులో మిక్కిలి కలిగినవారు. తండ్రి తన యిద్దరు కుమార్తెలకు తానే గ్రీకు, లాటిను భాషలను చరిత్రను నేర్పెను. చిన్నది మాత్రము గణితమును ఎక్కువగా ప్రేమించెను. ఆమెకు పదునారేండ్ల ప్రాయమున, 1837 ఫిబ్రవరి 7న, దేవుడు తనను తన సేవకు పిలిచెనని ఆమె నమ్మెను. ఆ సేవ యేదో ఆ దినమున ఆమెకు తెలియలేదు. కొన్ని యేండ్లకు అది రోగుల పరిచర్యయని ఆమె గ్రహించెను.

ఇంటివారు ఒప్పుకొనలేదు. ఆ కాలమున ఇంగ్లండు ఆసుపత్రులలో పనిచేయు స్త్రీలలో శిక్షణ పొందినవారు అరుదు. త్రాగుబోతులనియు నడవడి లేనివారనియు వారికి చెడ్డపేరు. పరువుగల యింటి పిల్ల అక్కడికి పోవుటయా అని తల్లియు అక్కయు కన్నీళ్లు విడిచిరి. మంచి సంబంధము వచ్చినను ఫ్లోరెన్సు దానిని నిరాకరించెను. పిలుపు వినిన తరువాత ఆమె పదునారేండ్లు కనిపెట్టవలసి వచ్చెను. ఈ సంగతి మనకు దూరము కాదు. రాత్రి డ్యూటీకి పోవు పిల్లను ఎవరు చేసికొందురని అడిగిన తలిదండ్రులు మన ప్రాంతములోను లేకపోలేదు. తక్కిన వారు వెనుకాడిన దినములలో ఈ దేశమున కుమార్తెలను నర్సు పనికి పంపినవారిలో క్రైస్తవ కుటుంబములు అనేకములు. ఆ కుమార్తెలు కూడ కొన్ని మాటలు పడియే ఆ తెల్లని బట్ట తొడిగిరి.

జర్మనీలో కైజర్స్‌వెర్తు అను ఊరిలో ఫ్లీడ్నరు అను పాదిరిగారు 1836లో పరిచారికల గృహమును స్థాపించియుండిరి. కెంక్రేయ సంఘములో పరిచారికయైన ఫీబేను పౌలు రోమీయులకు సిఫారసు చేసిన మాట మన మెరుగుదుము. ఆ ఫీబేవంటి పరిచారికలను తిరిగి సంఘములో చూడవలెనని ఆయన కోరిక. ఫ్లోరెన్సు 1850లో అచ్చటికి పోయి చూచెను. 1851లో మూడు నెలలు అక్కడ నిలిచి పని నేర్చుకొనెను. 1853లో తండ్రి యిచ్చిన భత్యముతో లండనులో ఒక చిన్న ఆసుపత్రికి పెద్దగా చేరెను.

మరుసటి యేడు రష్యాతో యుద్ధము నడుచుచుండెను. గాయపడిన ఇంగ్లీషు సిపాయిలను టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి ఓడలలో చేర్చుచుండిరి. అక్కడ వారికి దిక్కు లేదని వార్తాపత్రికలు వ్రాసెను. యుద్ధమంత్రి సిడ్నీ హెర్బర్టు కోరగా ఫ్లోరెన్సు 38 మంది నర్సులతో 1854 నవంబరు మొదటి దినములలో స్కుటారి చేరెను. రోగులు నేలమీదనే పడియుండిరి. చొక్కాలు లేవు, సబ్బు లేదు, కడుగుటకు పాత్రలు లేవు. ఆమె చందా సొమ్ముతో సామాను కొనెను, వంటశాల ఏర్పరచెను, బట్టలు ఉతుకుటకు మనుష్యులను కుదిర్చెను. రాత్రులందు దీపము పట్టుకొని మంచములమధ్య తిరిగెను. సిపాయిలు ఆమెను తల్లివలె చూచుకొనిరి.

అయినను మరణములు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో అక్కడ చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది చనిపోయిరి. మార్చి నెలలో ప్రభుత్వము పంపిన ఆరోగ్య కమిషనువారు వచ్చి ఆసుపత్రి క్రిందనున్న మురుగు కాలువలను కడిగించిరి, నీటిదారిని శుభ్రము చేయించిరి, గదులలోనికి గాలి వచ్చునట్లు చేసిరి. జూను నాటికి మరణములు నూటికి రెండింటికి దిగెను.

1856లో ఆమె ఎవరికిని చెప్పక నిశ్శబ్దముగా ఇంటికి తిరిగి వచ్చెను. దేశమంతయు ఆమెను పొగడుచుండెను. ఆమె ఆ పొగడ్తతో తృప్తిపడి కూర్చుండవచ్చును. అట్లు చేయక, విలియము ఫారు అను గణాంక నిపుణునితో కూర్చుండి చనిపోయిన సిపాయిల లెక్క తీసెను. గాయములవలన చచ్చినవారికంటె రోగములవలన చచ్చినవారు అనేక రెట్లు ఎక్కువని ఆ లెక్కలో తేలెను. అంతకంటె బాధకరమైన సంగతి యింకొకటి తేలెను. ఆమె దీపము పట్టుకొని తిరిగిన ఆ ఆసుపత్రి మురుగే అనేకులను చంపెను. ఎంత ప్రేమతో నీళ్లిచ్చినను, ఆ గాలిలోను ఆ మురుగులోను వారు బ్రదుకుట కష్టము. ఈ సత్యమును ఆమె దాచలేదు. సర్కారువారు ప్రకటింపని తన నివేదికను 1858లో స్వంత ఖర్చుతో అచ్చువేయించి పెద్దలకు పంపెను. అంకెలు చూడని మంత్రులకు సైతము తెలియునట్లు రంగుల పటములు గీయించెను. అదే యేట లండను గణాంక సంఘము ఆమెను సభ్యురాలిగా చేర్చుకొనెను. ఆ సంఘములో మొదటి స్త్రీ ఆమెయే.

ఇక్కడ మంచి సమరయుని జ్ఞాపకము చేసికొందము. అతడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టు కట్టెను. మనము సాధారణముగా అక్కడనే ఆగుదుము. కాని కథ అక్కడ ముగియలేదు. మరునాడు అతడు రెండు దేనారములు తీసి పూటకూళ్లవానికిచ్చెను. ఇంకను ఖర్చయినయెడల తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పెను. పరిచర్య భారమును పూటకూళ్లవాని మెడకు ఊరక కట్టి పోలేదు. దయయు లెక్కయు ఆ ఒక్క మనుష్యునిలో కలిసియుండెను. ఫ్లోరెన్సు నైటింగేలు జీవితములో మొదటి భాగము నూనె, రెండవ భాగము దేనారములు అని చెప్పవచ్చును.

ఆమె గౌరవార్థము ప్రజలు సుమారు 45,000 పౌనులు చందా వేసిరి. ఆ సొమ్ముతో 1860లో లండను సెయింటు థామసు ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల తెరువబడెను. నేర్చుకొను పిల్లలకు ఉండుటకు గది, భోజనము, దుస్తులు, ఏడాదికి పది పౌనులు ఇచ్చిరి. సేవాభావము ఉన్నది గనుక జీతమెందుకని ఆమె యెన్నడును తలంపలేదు.

యుద్ధభూమిలో పట్టిన జ్వరము ఆమె శరీరమును దీర్ఘకాలము క్రుంగదీసెను. అనేక సంవత్సరములు ఆమె గది విడిచి బయటికి పోవుట అరుదు. ఆ గదిలోనికే మన దేశము వచ్చెను. ఇండియాలోని సైన్యపు ఆరోగ్యమును విచారించుటకు 1859లో రాజ కమిషను ఏర్పడెను. ఆమె ప్రశ్నల పత్రములు తయారుచేసి ఇండియాలోని దండు స్థలములకు పంపించెను. 1863లో వెలువడిన నివేదికనుబట్టి ఇక్కడి ఇంగ్లీషు సిపాయిలు ఏటేట వేయికి 69 మంది చనిపోవుచుండిరి. మంచి నీరు, మురుగు పోవు దారి, గాలి వచ్చు బస లేనందుననే యిది జరుగుచున్నదని ఆమె చూపెను. క్రమముగా ఆమె చూపు సిపాయిలను దాటి పల్లె ప్రజలమీదికి పోయెను. పల్లె శుభ్రము కానిది దండు శుభ్రము కాదని ఆమె తెలిసికొనెను.

పిమ్మట 1876-78 కరవు వచ్చెను. మన సీమలో పెద్దలు తరతరములుగా చెప్పుకొనిన ధాత కరవు అదియే. కర్నూలు జిల్లాలో 1871లో తొమ్మిది లక్షలకు పైగా ఉన్న జనులు 1881 నాటికి ఏడు లక్షలకు లోబడిరి. గోదావరి ఆనకట్ట కట్టిన కాటను దొరగారు ఆమె స్నేహితుడు. తుంగభద్ర నీటిని మన వైపు త్రిప్పు ఆలోచనను బలపరచినవారిలో ఆయన ముఖ్యుడు. మద్రాసు ఇరిగేషను కంపెనీ 1863లో మన కాలువ పని మొదలుపెట్టెను. ఖర్చు అంచనాలను మించగా, 1882లో సర్కారు దానిని కొనెను. ఇట్టి పనులవలన లాభము లేదని అనేకులు అనుచుండగా, కాలువలకు ఎంత ఖర్చయినది, ఎంత పంట వచ్చినది, లెక్క చూపుడని ఫ్లోరెన్సు లండనులోని ఇండియా మంత్రిని అడుగుచు వచ్చెను. రైతును వడ్డీ వ్యాపారి బారినుండి తప్పింపవలెనని 1878లో పత్రికలలో వ్రాసెను. ఆకలిగొనినవానికి మందు చాలదని, నీరు పారిన పొలమును రోగిని కాపాడునని ఆ నర్సు ఎరిగియుండెను.

ఆమెయందును పొరబాట్లు లేకపోలేదు. నర్సుల పేర్లు ప్రభుత్వ రిజిష్టరులో నమోదు కావలెనని తరువాతి తరమువారు కోరినప్పుడు ఆమె ఎదిరించెను. పరీక్షలో నెగ్గినంత మాత్రమున మంచి నర్సు కాదని ఆమె భయము. కాని నమోదు రోగికిని నర్సుకును రక్షణయని కాలము తేల్చెను. ఇంగ్లండులో 1919లోను, మద్రాసు రాజధానిలో 1926లోను ఆ చట్టములు వచ్చెను.

1907లో రాజుగారు ఆర్డరు ఆఫ్ మెరిట్ అను బిరుదును మొదటిసారి ఒక స్త్రీకి, అనగా ఆమెకు, ఇచ్చిరి. అప్పటికి ఆమె చూపు పోయియుండెను. 1910 ఆగస్టు 13న తొంబదియవ యేట ఆమె నిద్రించెను. రాజులు పండుకొను వెస్టుమినిస్టరు ఆలయములో సమాధి ఇచ్చెదమనినను బంధువులు ఒప్పుకొనక, ఆమె కోరిక చొప్పున పల్లె గుడి తోటలో తలిదండ్రుల యొద్ద ఉంచిరి. రాతిమీద ఆమె పేరు లేదు; పేరులోని రెండు పొడి యక్షరములును తేదీలును మాత్రమే యున్నవి.

ప్రియులారా, ఇప్పుడు మన లెక్క చూచుకొందము. 2020 మార్చి 22న సాయంకాలము మన దేశమంతట ప్రజలు వైద్యులకొరకును నర్సులకొరకును చప్పట్లు కొట్టి పళ్ళెములు మ్రోగించిరి. అది నూనె. మరి దేనారములో? బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒక నర్సు ఉండవలెనని ఇండియను నర్సింగు కౌన్సిలు ప్రమాణము. యాభై పడకలకు లోబడిన ప్రైవేటు ఆసుపత్రిలో సైతము నర్సు జీతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని, 2016లో సుప్రీం కోర్టు ఆదేశమున ఏర్పడిన కమిటీ సిఫారసు చేసెను. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరువబడెను గనుక ఈ అంకెలు మన గుమ్మములోనికే వచ్చినవి. రాత్రివేళ ఒక్క నర్సుకు ముప్పది మంచములు అప్పగించి, ఆమె చిరునవ్వు నవ్వలేదని మనము సణుగుట న్యాయమా? ఆమెను దేవదూతయని పిలిచి, కూలివానికంటె తక్కువ చేతిలో పెట్టుట సమరయుని మార్గమా?

ఈ నెల ప్రతి సంఘమును మూడు సంగతులు ఆలోచించవలెనని మనవి. మన సంఘములో ఎందరు నర్సులున్నారు, వారు ఏ వేళలో పనిచేయుచున్నారు, రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చిన ఆదివారము ఆరాధనకు రాలేకపోయినవారిని మనము విచారించుచున్నామా? మనలో ఆసుపత్రి నడుపువారు నర్సులకు న్యాయమైన జీతము, భద్రమైన బస, సెలవు ఇచ్చుచున్నారా? మనము రోగి బంధువులమై వార్డుకు పోయినప్పుడు వారితో మర్యాదగా మాటలాడుచున్నామా?

గాయపడినవాని ప్రక్కన మోకాళ్లూనుటయు, మరునాడు సంచి విప్పుటయు ఒక్క ప్రేమయే. ఆ రెంటిని మనకు నేర్పుమని, మన నర్సుల చేతులను బలపరచుమని ప్రభువును వేడుకొందము. ఆమేన్.