కుండిమాన్ రాణి ఆతాంగ్

పసిఫిక్ మహాసముద్రపు పడమటి అంచున 7,000కు పైగా దీవులతో ఏర్పడిన దేశం ఫిలిప్పీన్స్. అక్కడి పల్లెల్లో పూర్వం ఒక ఆచారం ఉండేది. యువకుడు తాను మెచ్చిన అమ్మాయి ఇంటి ముందుకు రాత్రివేళ గిటారుతో వచ్చి, కిటికీ కింద నిలబడి పాట పాడేవాడు. పాట నచ్చితే కిటికీ తెరుచుకునేది. ఆ దేశపు ప్రేమగీతాలలో పేరెన్నికగన్నది కుండిమాన్. ఇది మూడు మాత్రల నడకలో మెల్లగా సాగుతుంది. మొదటి భాగం దిగులుగా వినిపిస్తుంది. సగం దాటాక స్వరాలు మారి ఆశ చిగురిస్తుంది. కాదన్నా సరే అనే భావం గల తగలోగ్ మాటల నుంచి ఆ పేరు పుట్టిందంటారు. ప్రేయసి కాదన్నా నా ప్రేమ మారదని వేడుకోవడమే ఆ పాటలలోని సారం.

ఈ పాటకు రాణి అనిపించుకున్న గాయని ఆతాంగ్ దె లా రామా. ఆమె అసలు పేరు హొనొరాత. 1902 జనవరి 11న మనీలా నగరంలోని పందకాన్ పేటలో జన్మించింది. పాసిగ్ నది ఒడ్డున ఉన్న ఆ పేట సంగీతానికీ నాటకానికీ పెట్టింది పేరు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన ఆతాంగ్‌ను అక్కాబావలు పెంచారు. బావ లియోన్ ఇగ్నాసియో సంగీతకర్త. ఇంట్లో ఎప్పుడూ పాటే. అందువల్ల ఆ పిల్లకు పాట వేరే నేర్పవలసిన విద్య కాలేదు.

ఫిలిప్పీన్స్‌ను స్పెయిన్ 300 ఏళ్లకు పైగా పాలించింది. ఆ పాలకులతోపాటు సర్సువేలా అనే సంగీత నాటకం కూడా వచ్చింది. అందులో మాటా, పాటా, నాట్యమూ కలిసి ఉంటాయి. ఏడేళ్ల వయసుకే ఆతాంగ్ స్పానిష్ సర్సువేలాలలో వేషం కట్టి పాడింది. కాని ఆ భాష చదువుకున్న కొద్దిమందిది. సంతకు కూరలు తెచ్చేవారికీ, రేవులో మూటలు మోసేవారికీ అది అర్థమయ్యేది కాదు. వారి నోట పలికే తగలోగ్‌లో నాటకాలు రాయాలని కొందరు రచయితలు పూనుకున్నారు.

వారిలో ఒకడు ఎర్మొహెనెస్ ఇలాగాన్. ఆయన రాసిన దలాగాంగ్ బుకిద్ అనే సర్సువేలాకు ఇగ్నాసియో సంగీతం కూర్చాడు. పేరుకు పల్లెపడుచు అని అర్థం. కథానాయిక ఆంజెలిత నగరంలో పూలు అమ్ముకునే పిల్ల. న్యాయశాస్త్రం చదివే సిప్రియానోను ప్రేమిస్తుంది. తల్లిదండ్రులు జూదానికి అలవాటుపడి, డబ్బుకు ఆశపడి ఆమెను ఒక ముసలి ధనవంతునికి కట్టబెట్టాలని చూస్తారు. ఆ పిల్ల చివరకు తన మాటే నెగ్గించుకుంటుంది. 1917లో ఆంజెలితగా రంగం మీదికి వచ్చేనాటికి ఆతాంగ్‌కు పదిహేనేళ్లు. పగిలిన కుండను గురించిన పాట ఒకటి ఆ నాటకంలో ఉంది. ఆమె గొంతులో ఆ పాటకు ఎంతో పేరు వచ్చింది.

రెండేళ్లకు, 1919లో, హోసే నెపొముసెనో ఈ నాటకాన్ని చలనచిత్రంగా తీశాడు. ఫిలిప్పీన్ దేశస్థుడు నిర్మించి దర్శకత్వం వహించిన మొదటి కథాచిత్రం అదే. నాయిక ఆతాంగే. అయితే అది మూకీల కాలం. తెర మీది బొమ్మ పెదవులు కదిపేదే గాని గొంతు వినిపించేది కాదు. పాట లేకుండా దలాగాంగ్ బుకిద్ చూడడానికి ఎవరు వస్తారు? అందుకని సినిమా ఆడుతున్నప్పుడు ఆతాంగే హాలులో ఉండి, పాట ఘట్టం రాగానే వాయిద్యాల తోడుతో పాడేది. తెర మీద మూగగా ఉన్న తన బొమ్మకు తానే గొంతు ఇచ్చిందన్నమాట. పెదవి కదలికకూ పాటకూ తేడా రాకుండా చూసుకోవడం సామాన్యమైన పని కాదు. ఆ చిత్రం ప్రతులు నేడు మిగలలేదు.

అప్పటికి స్పెయిన్ వెళ్లిపోయి అమెరికా ఏలుబడి వచ్చింది. 1907 నుంచి 1919 వరకు ఫిలిప్పీన్ పతాకాన్ని ఎగరవేయడం నేరం. దేశాభిమానం చాటే నాటకాలు రాసినవారు జైలుపాలయ్యారు. ప్రేమపాట పాడితే మాత్రం ఎవరు తప్పు పట్టగలరు? ప్రేయసి పేరు చెప్పి మాతృభూమిని తలచుకోవడం కుండిమాన్‌లో సులువు. పాడేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. ఫ్రాన్సిస్కో శాంతియాగో, నికనోర్ అబెలార్దో వంటి సంగీతకర్తలు ఈ జానపద గీతానికి సభలలో పాడదగిన గౌరవాన్ని తెచ్చారు.

ఆతాంగ్ ఆ పాటను సభలకే పరిమితం చేయలేదు. ఊరి కూడళ్లలో పాడింది, కోడిపందేల బరుల దగ్గర పాడింది. మర్యాదస్థులు మొహం చిట్లించే కాబరేలలోనూ పాడింది. కొండల్లో నివసించే ఇగొరోత్, అయిత, మంగ్యాన్ ప్రజల వద్దకూ పాటను తీసుకుపోయింది. హవాయి, శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్, హాంగ్‌కాంగ్, షాంఘై, టోక్యోలలోనూ ఆమె గానం వినిపించింది. స్వయంగా సర్సువేలాలు కూడా రాసింది. అయితే హాలీవుడ్ చిత్రాలూ, అమెరికా తరహా వినోద ప్రదర్శనలూ పెరిగేకొద్దీ సర్సువేలాకు ఆదరణ తగ్గుతూ వచ్చింది. ఆతాంగ్ కొత్త రంగాలలోకి వెళ్లినా పాత పాటను వదలలేదు.

1932లో ఆమె అమాదో హెర్నాండెజ్‌ను వివాహమాడింది. ఆయన కవి, పత్రికా రచయిత. తరువాత కార్మిక నాయకుడయ్యాడు. 1951 జనవరిలో ప్రభుత్వం ఆయనను తిరుగుబాటు నేరం మోపి నిర్బంధించింది. అయిదేళ్లకు పైగా ఆయన జైలులోనే గడిపాడు. ఆ కవితా సంపుటికి బారెడు ఆకాశం అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. జైలు కిటికీలోంచి ఆయనకు కనిపించింది అంతే. ఒకప్పుడు కిటికీ కింద ప్రేమికుడు పాడే పాటలతో పేరు తెచ్చుకున్న గాయని, ఇప్పుడు కటకటాల కిటికీకి ఇవతల మిగిలింది. 1956లో ఆయన జామీనుపై విడుదలయ్యాడు. 1964లో సుప్రీంకోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. నేరం మోపిన నాటికీ ఆ తీర్పుకూ నడుమ పదమూడేళ్లు గడిచాయి.

హెర్నాండెజ్ 1970లో మరణించాడు. 1973లో దేశం ఆయనకు సాహిత్యంలో జాతీయ కళాకారుడనే బిరుదు ఇచ్చింది. 1979లో ఆతాంగ్‌ను కుండిమాన్‌కూ సర్సువేలాకూ రాణిగా సత్కరించారు. 1987 మే 8న, 85 ఏళ్ల వయసులో, రంగస్థలానికీ సంగీతానికీ గాను ఆమెకూ జాతీయ కళాకారిణి బిరుదు లభించింది. అప్పటికి దలాగాంగ్ బుకిద్ తొలి ప్రదర్శన జరిగి 70 ఏళ్లు. 1991 జూలై 11న ఆతాంగ్ కన్నుమూసింది.