తోటమాలి కేరీ



విత్తిన నాడే పంట రాదని చమఖండి ప్రాంతంలో నేలను నమ్ముకొన్న మనవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ పాఠాన్ని జీవితాంతం పాటించిన దైవసేవకుడు విలియం కేరీ.

ఆయన 1761లో ఇంగ్లండులో ఒక నేతపనివాని ఇంట పుట్టాడు. చిన్ననాటనే మొక్కలను, పురుగులను ఇంటికి తెచ్చి, అవి పెరిగే తీరును ఓపికతో గమనించేవాడు. చెప్పులు కుట్టి బ్రతుకుతూ భాషలు నేర్చుకొన్నాడు. 1793లో బెంగాలు చేరాడు. తరువాత శ్రీరాంపురంలో పెద్ద తోట వేశాడు. అదే ఆయన ప్రార్థనా స్థలం. పండితుల సహాయంతో బైబిలును అనేక భాషల్లోకి తెచ్చాడు. 1809లో ఒరియా క్రొత్త నిబంధన అచ్చయింది.

1812లో అచ్చుకూటం కాలిపోయి, ఏళ్ల తరబడి వ్రాసిన ప్రతులు బూడిదయ్యాయి. కేరీ తిరిగి కలం పట్టాడు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడింది. గంజాంలో మనం వినే రెండు భాషలకూ ఆ కష్టఫలం అందింది. 1823లో దామోదర్ వరద తోటను ముంచివేసింది. అరవై దాటిన ఆ వృద్ధుడు మళ్లీ మొక్కలు నాటించాడు. 1834లో ప్రభువునందు నిద్రించాడు.

ప్రియులారా, సొలొమోను సోమరిని చీమల యొద్దకు పంపాడు. కేరీ మొక్కల యొద్ద నేర్చుకొన్నాడు. మన కష్టం పాడైన దినాన చేతులు ముడుచుకొనక, తిరిగి విత్తుదము. మొలిపించువాడు దేవుడే.