గారడ్ నారపోగు

వాతరక్తమన్న పేరు మన వైద్యగ్రంథాలకు క్రొత్తది కాదు. అర్ధరాత్రివేళ కాలి బొటనవ్రేలు నిప్పుకణికవలె మండి, దుప్పటి అంచు సోకినా ఓర్వనీయని వ్యాధి అది. ఐరోపావారు దానిని గౌట్ అన్నారు. విందులకూ మద్యానికీ అలవాటుపడిన శ్రీమంతుల సొత్తుగా భావించారు. ఆ వ్యాధిని విందుశాలనుండి రసాయనశాలకు తెచ్చినవాడు ఆల్ఫ్రెడ్ బేరింగ్ గారడ్.

ఆయన 1819లో ఇంగ్లండులోని ఇప్స్విచ్ పట్టణంలో జన్మించాడు. లండన్ యూనివర్సిటీ కళాశాలలో చదివి 1843లో వైద్యపట్టం పొందాడు. మూత్రపు రాళ్లలో యూరికామ్లాన్ని 1776లో షీలే కనుగొన్నాడు. గౌట్ రోగుల కీళ్లపై లేచే బుడిపెలలోనూ అదే ఉన్నదని 1797లో వొల్లాస్టన్ తేల్చాడు. ఆ ఆమ్లం రోగి రక్తంలో అధికమై ఉన్నదని 1848లో నిరూపించిన కీర్తి గారడ్‌ది.

1854లో ఆయన ప్రకటించిన పరీక్ష ఎంత నిరాడంబరమైనదో చూడండి. చదునైన గాజుపళ్లెంలో కొద్దిగా రక్తరసి పోసి, కొన్ని చుక్కల ఎసిటిక్ ఆమ్లం కలిపి, నారబట్టనుండి లాగిన ఒక్క పోగును అందులో ఉంచేవాడు. ఒకటి రెండు రోజులు కదలనీయక ఉంచితే, గౌట్ రోగి రక్తమైనచో పోగు పొడవునా యూరికామ్ల స్ఫటికాలు పట్టేవి. ఆరోగ్యవంతుని రక్తమైనచో పోగు పోగుగానే ఉండేది. చిటికెడు ఖర్చులేని ఆ పరీక్ష శరీర రసాయనాన్ని రోగి మంచం వద్దకు చేర్చింది.

1859లో వెలువరించిన గ్రంథంలో ఆయన మరొక అడుగు వేశాడు. కీళ్లలో చేరిన యూరేటు వాపుకు ఫలితం కాదు, కారణమే అన్నాడు. పలువురు నమ్మలేదు. ఆ మాట స్థిరపడడానికి, 1961లో మెకార్టీ, హోలండర్‌లు కీలురసంలో ఆ స్ఫటికాలను సూక్ష్మదర్శినితో చూచేవరకు, నూరేళ్లు పట్టింది. తన ఆస్పత్రి గౌట్ రోగులలో దాదాపు నాలుగింట ఒకరు సీసపు విషం సోకినవారని కూడ గారడ్ గమనించాడు. వారు రంగులు వేసేవారు, సీసపు గొట్టాలు అమర్చేవారు, శ్రీమంతులు కారు. శ్రీమంతుల రోగమన్న పాతమాటకు ఇంతకన్న గట్టి జవాబు లేదు.

1887లో సర్ బిరుదు పొందిన గారడ్, 1907లో మరణించాడు. గౌట్ రోగులలో స్థూలకాయులెందుకు అధికమో విడదీసి చెప్పే సాధనాలు ఆ కాలానికి లేవు. ఇప్పుడు కొన్ని ఉన్నవి. పండ్లచక్కెర, అనగా ఫ్రక్టోజ్, కాలేయంలో చేరినపుడు కణపు శక్తినిధియైన ఏటీపీ వేగంగా ఖర్చై, ఆ శిథిలాలనుండి యూరికామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం పెరిగినచో కణంలోని మైటోకాండ్రియాకు ఒత్తిడి కలిగి, అక్కడ దహనం కావలసిన సిట్రేటు వెలుపలికి వచ్చి క్రొవ్వుకు ముడిసరుకవుతుందని 2012లో ప్రకటితమైన కాలేయకణ పరిశోధన చూపింది. క్రొవ్వును కరగించే ఎంజైములు మందగిస్తాయని కూడ ఆ మార్గపు పరిశోధకుల వాదం.

అయితే కణాలలో కనబడినదంతా మనిషిలో అట్లే జరుగుతుందని చెప్పరాదు. స్థూలకాయంతో ఇన్సులిన్ పెరిగినపుడు మూత్రపిండాలు యూరికామ్లాన్ని సరిగా విసర్జించవు. అనగా క్రొవ్వే ముందు, ఆమ్లం తరువాత కావచ్చు. జన్యువులనుబట్టి యూరికామ్లం అధికంగా ఉన్నవారిని పరిశీలించిన అధ్యయనాలు కూడ ఆమ్లమే క్రొవ్వుకు మూలమని గట్టిగా తేల్చలేదు. కారణమా, ఫలితమా అని కీళ్ల విషయంలో గారడ్ వేసిన ప్రశ్న, కాలేయం విషయంలో ఇంకా విచారణలోనే ఉన్నది.